నాలుగు నెలలు

పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడు మా అరుగు మీద కూర్చోవడానికి చోటు వుండదు. నేను వుద్యోగం విరమించి చాలా కాలమైంది. గొంతు తగ్గింది, చూపు మందగించింది. అయినా దివిసీమలో పంతులన్నవాడు బతికి వున్నంత కాలమూ పంతులే. నాగాయలంక నుంచి, కోడూరు నుంచి, ఆఖరికి ఏరు దాటి ఎదురుమొండి నుంచి కూడా పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. చేతిలో మార్కుల కాగితం వుంటుంది. అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే.

"మాస్టారూ, ఈ మార్కులకి నూజివీడు వస్తుందాండీ?"

మా చిన్నతనంలో నూజివీడు అంటే మామిడిపండు. ఆ తరువాత జమీందార్ల కోటలు. ఇప్పుడు నూజివీడు అంటే సీటు. 2008లో రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పెట్టి, నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో మూడు విద్యాలయాలు తెరిచారు. పేరు అంత పొడుగున వుంటే పల్లెటూళ్ళో ఎవరికి నోరు తిరుగుతుంది? అందరూ ట్రిపుల్ ఐటీ అన్నారు. మా వైపు అదీ బరువై, ఒట్టి నూజివీడు అన్నారు. పదో తరగతి పాసైన పిల్లను తీసుకుని, రెండేళ్ళు ఇంటర్మీడియట్‌కు సరిపడే చదువు, ఆ పైన నాలుగేళ్ళు ఇంజనీరింగు, వెరసి ఆరేళ్ళు అక్కడే వుంచి, తిండీ బసా చూసి, ఇంజనీరును చేసి పంపిస్తారు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు నూజివీడు మా కృష్ణాజిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది గాని, మా వాళ్ళ నోట్లోంచి మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు.

అడిగినవాళ్ళకు నేను కళ్ళజోడు పెట్టుకుని, వేళ్ళు మడిచి, లెక్క కట్టి చెబుతాను. వస్తుందనో, అనుమానమనో అంటాను. వెళ్ళేముందు వాళ్ళు దణ్ణం పెడతారు. ఆ దణ్ణం తీసుకునేటప్పుడల్లా నాకు కాస్త సిగ్గు వేస్తుంది. ఎందుకు వేస్తుందో చెప్పడానికే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ముందు ఆ లెక్క సంగతి. ఇంజనీరింగులో చేరాలంటే ఎంట్రన్సు పరీక్ష రాయాలి గదా. ఎంట్రన్సు అంటే కోచింగు. కోచింగు అంటే విజయవాడ. విజయవాడ అంటే డబ్బు. సముద్రం మీద వేటకు పోయేవాడికి, కౌలుకు రెండెకరాలు చేసేవాడికి ఈ నాలుగు మెట్లలో మొదటి మెట్టు దగ్గరే కాలు జారుతుంది. నూజివీడులో ఆ మెట్లు తీసేశారు. వేరే పరీక్ష లేదు. వున్న వూళ్ళో, వున్న బడిలో చదివి, రాష్ట్రంలోని పిల్లలందరూ రాసే పదో తరగతి పరీక్షే రాసి, అందులో ముందు వరసలో నిలబడితే చాలు. నడుమ 2020లోనూ, 2021లోనూ కరోనా వల్ల పదో తరగతి పరీక్షలు రద్దయి, పిల్లలందరినీ పాసు చేసినప్పుడు, ఎవరు ముందో ఎవరు వెనకో తెలియక, ఆ రెండేళ్ళూ విడిగా ఎంట్రన్సు పెట్టవలసి వచ్చింది. 2022లో మళ్ళీ పాత దారికే వచ్చారు.

ఇంకో మంచి పని కూడా చేశారు. వసతి లేని సర్కారు బడుల్లో చదివిన పిల్లలకు కొంత కలుపుతారు. గ్రేడ్లు వున్న రోజుల్లో సగటుకు 0.4 కలిపేవారు. గ్రేడ్లు పోయి మార్కులు తిరిగి వచ్చాక నాలుగు శాతం కలిపే పద్ధతి పెట్టారు. డిప్రివేషన్ స్కోరు అని దాని పేరు. అంటే లేమికి ఇచ్చే మార్కు. జిల్లా పరిషత్తు బడిలో 9.2 తెచ్చుకున్న పిల్ల 9.6 అయి, పట్నంలో ప్రైవేటు బడిలో 9.5 తెచ్చుకున్న పిల్లకన్న ముందు నిలబడుతుంది.

ఒకసారి గుడివాడలో మా తోడల్లుడు దీని మీద నాతో పోట్లాటకు దిగాడు. "ఎక్కువ తెచ్చుకున్నది వెనకా, తక్కువ తెచ్చుకున్నది ముందూనా? ఇదేం న్యాయమయ్యా?" అన్నాడు. "నువ్వు పంటకాలవలో ఈదావు, వాడు పోటుమీద వున్న పాయలో ఈదాడు. ఇద్దరికీ ఒకే గడియారం పెడితే అది న్యాయమా?" అన్నాను. ఆయన కాఫీ తాగి వూరుకున్నాడు గాని ఒప్పుకోలేదు.

ఈ తగవు మన దగ్గరే అనుకున్నాను. అమెరికాలోనూ వుందని మా అబ్బాయి చెబితే తెలిసింది. వాడు టెక్సాసులో డల్లాసు దగ్గర వుంటున్నాడు. అక్కడ విశ్వవిద్యాలయాల ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోరాదని 1996లో కోర్టు తీర్పు వచ్చిందట. దాని మీద 1997లో ఆ రాష్ట్రం ఒక చట్టం చేసింది. ఏ హైస్కూలైనా సరే, పెద్దదైనా చిన్నదైనా, ధనికుల పేటలో వున్నా బీదల పేటలో వున్నా, తరగతిలో మొదటి పది శాతంలో నిలిచిన పిల్లలకు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు సీటు ఇచ్చి తీరాలి. అంతకు ముందు ఒక్కరినీ పంపని మారుమూల బడులు కూడా ఆ చట్టం వచ్చాక పిల్లల్ని పంపసాగాయి. ఆస్టిను నగరంలోని పెద్ద విశ్వవిద్యాలయం ఇలా వచ్చేవారితోనే నిండిపోతూ వుంటే, 2009లో చట్టం సవరించి, అక్కడ రాష్ట్రం పిల్లల సీట్లలో నూటికి డెబ్బై అయిదు మాత్రమే ఈ దారిన నింపవచ్చునన్నారు. దాంతో ఆ ఒక్కచోట పది శాతం జారుతూ వచ్చింది. 2025 ప్రవేశాలకు ఆరు, 2026కు అయిదు.

మా మనవరాలు చదివిన బడిలో ఆమె తరగతికే ఎనిమిది వందల మంది. ఆరు శాతం అంటే నలభై ఎనిమిది. దీని ర్యాంకు అరవై. ఫోనులో ఏడ్చింది. "తాతయ్యా, ఎక్కడో చిన్న వూళ్ళో చదివివుంటే నేనే ఫస్టు" అంది. వెనకాల మా కోడలు, "అయితే పద, ఆ చిన్న వూరికే పోదాం, మీ నాన్న వుద్యోగం మానేసి ఆవులు కాస్తారు" అంటోంది. సీటు కోసం బడి మారేవాళ్ళు అక్కడా వున్నారట. చివరకు మా మనవరాలు పది శాతం లెక్కన ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో చేరింది, సుఖంగా వుంది. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అరవై, నలభై ఎనిమిది, మధ్య పన్నెండు మంది. ఆ పన్నెండు మందికీ దీనికీ వున్న తేడా ఎంత? ఏ చుక్క తరువాతి రెండో అంకెలోనో వుంటుంది. అంత సన్నని గీత మీద ఒక పిల్ల యీవలా ఒక పిల్ల ఆవలా పడడం నేను అంతకు ముందే ఒకసారి చూశాను. ఆ గీత గీసింది నా కలమే.

2004 జూన్‌లో నేను దివిసీమ చివర, మడ అడవికి దగ్గరగా వున్న ఒక పల్లెలో ఎలిమెంటరీ బడి హెడ్మాస్టర్ని. హెడ్మాస్టరంటే పెద్ద హోదా అనుకోకండి. బడికి ఇద్దరం పంతుళ్ళం. అందులో వయసులో పెద్దవాణ్ణి నేను. బడి తెరిచిన మూడో నాడు ఇద్దరు అక్కచెల్లెళ్ళు తమ పిల్లల్ని చెరొకరినీ చంకనేసుకుని వచ్చారు. వాళ్ళ మగవాళ్ళిద్దరూ ఒకే పడవ మీద వేటకు పోతారు. ఆడవాళ్ళిద్దరూ ఎండు చేపల తట్టలు పట్టుకుని అవనిగడ్డ సంతకు పోతారు. ఆ పిల్లల్ని ఇక్కడ పెద్దపిల్ల, చిన్నపిల్ల అంటాను. వాళ్ళిప్పుడు ఎదిగి ఎవరి బతుకు వాళ్ళు బతుకుతున్నారు, పేర్లెందుకు?

చిన్నపిల్ల తల్లి కాన్పుకు అవనిగడ్డ ఆస్పత్రికి వెళ్ళింది కాబట్టి కాగితం వుంది. 1999 ఏప్రిల్ 12. చూసి రాసుకున్నాను. పెద్దపిల్ల ఇంట్లో పుట్టింది. కాగితం లేదు.

"ఎప్పుడు పుట్టిందమ్మా?" అన్నాను.

"మాఘ పున్నానికి హంసలదీవి తానానికి పోయొచ్చాం గదండీ, ఆ నాలుగో నాడండీ."

"ఏ యేడు?"

"దీనికి రెండు నెల్ల ముందండీ" అని చెల్లెలి పిల్లను చూపించింది.

చదువుకున్న వాళ్ళం మనం ఆ మాట విని నవ్వుతాం. కాని ఆ మాటలో తేదీ స్పష్టంగానే వుంది. 1999లో మాఘ పౌర్ణమి జనవరి 31న వచ్చింది. నాలుగో నాడంటే ఫిబ్రవరి మొదటి వారం. పంచాంగం బీరువాలోనే వుంది. తీసి చూస్తే ఒక్క నిమిషం పని.

నేను తీయలేదు. ఇంతలో పిల్ల తండ్రి వచ్చాడు. "మాస్టారండీ, రేపు సర్కారీ వుద్యోగం వచ్చిందనుకోండి, వయసు తక్కువుంటే మంచిదంట గదా. ఓ యేడు తగ్గించి రాయండి" అన్నాడు. ఇది మన దేశంలో ప్రతి పంతులూ విన్న కోరికే. నేను చదువుకున్న రోజుల్లో నాకు కూడా ఎవరో మహానుభావుడు పది నెలలు తగ్గించి పెట్టాడు. ఆ పది నెలల జీతం నేను తిన్నాను కూడాను. "ఏడాది తగ్గిస్తే ఐదేళ్ళు నిండవయ్యా, బళ్ళో చేర్చుకోవడం కుదరదు. ఇవాళ్టికి ఐదేళ్ళు నిండేటట్టు రాస్తాను, నాలుగు నెలలు కలిసొస్తాయి" అని, జూన్ 5, 1999 అని రాశాను. వాడు సంతోషించి, మర్నాడు ఆకులో చుట్టి రొయ్యలు తెచ్చి ఇచ్చాడు. మా ఇంట్లో అందరం తిన్నాం.

ఆ విధంగా రెండు నెలలు పెద్దదైన పిల్ల, నా రిజిస్టరులో రెండు నెలలు చిన్నదైపోయింది.

బడి రిజిస్టరులో పడిన తేదీ సంగతి చాలామందికి తెలియదు. అయిదో తరగతి అయ్యాక ఆ తేదీ రికార్డు షీటు మీదికి ఎక్కుతుంది. రికార్డు షీటు నుంచి హైస్కూలు రిజిస్టరుకు, అక్కడి నుంచి పదో తరగతి నామినల్ రోలుకు, అక్కడి నుంచి పదో తరగతి సర్టిఫికెట్టుకు ఎక్కుతుంది. అది ఎక్కాక ఇక దేవుడు దిగి వచ్చి సాక్ష్యం చెప్పినా వినేవాడు లేడు. తల్లి కన్న రోజు కాదు, పంతులు రాసిన రోజే పుట్టినరోజు.

పిల్లలిద్దరూ చురుకైనవాళ్ళు. ఒకే పలక మీద ఇటొకరు అటొకరు రాసుకునేవారు. ఒకసారి పెద్దది ఫస్టు వస్తే ఇంకోసారి చిన్నది ఫస్టు. ఎవరు రెండో ర్యాంకు వస్తే వాళ్ళు ఆ పూట అన్నం తినేవారు కారని వాళ్ళ అమ్మమ్మ నాకు ఫిర్యాదు చేసేది. హైస్కూలుకు రోజూ మూడు మైళ్ళు నడిచి వెళ్ళారు. వానాకాలంలో చెప్పులు చేత్తో పట్టుకుని, పుస్తకాలు నెత్తిన పెట్టుకుని నడిచారు. నేను మరో వూరికి బదిలీ అయినా, సెలవుల్లో వచ్చి లెక్కలు చెప్పించుకునేవారు. ఎనిమిదిలో వుండగానే నేను వాళ్ళకు నూజివీడు సంగతి చెప్పాను. "తరగతిలో ముందుండండి, చాలు. మిగతాది దానంతటదే వస్తుంది" అన్నాను. పెద్దమనిషిలా చెప్పాను.

2014లో ఫలితాలు వచ్చాయి. అప్పుడు మార్కులు చెప్పేవారు కారు, గ్రేడ్లు చెప్పేవారు. నూటికి తొంభై రెండు వచ్చినా ఏ వన్, తొంభై తొమ్మిది వచ్చినా ఏ వన్. రెంటికీ పది పాయింట్లే. పిల్లలు ఒక్కొక్క మార్కుకూ ప్రాణం మీదికి తెచ్చుకోకుండా వుండాలని పెట్టిన పద్ధతి. వుద్దేశం మంచిదే. కాని అలా చేస్తే ఒకే అంకె దగ్గర వేలమంది గుంపుగా నిలబడతారు. ఆ గుంపులో ఎవరిని ముందు పిలవాలి?

మా పిల్లలిద్దరికీ లెక్కల్లో పది, సామాన్యశాస్త్రంలో తొమ్మిది, ఇంగ్లీషులో తొమ్మిది, సాంఘికంలో తొమ్మిది, తెలుగులో పది, హిందీలో ఎనిమిది. ఇద్దరికీ సగటు 9.2. సర్కారు బడి కాబట్టి 0.4 కలిపితే 9.6. పల్లెలో పండుగ చేసుకున్నారు. కవల పిల్లలకైనా ఇలా రాదురా అన్నాను.

జాబితా వచ్చింది. చిన్నపిల్ల పేరు వుంది. పెద్దపిల్ల పేరు లేదు.

తండ్రులిద్దరూ నా దగ్గరికే వచ్చారు. ఇద్దరిదీ ఒకే బడి, ఒకే కులం, ఒకే మార్కులు. పొరపాటు జరిగి వుంటుంది, కాగితం రాసి పెట్టండి అన్నారు. నేను ప్రవేశ ప్రకటన తెప్పించుకుని చదివాను. సగటు సమానమైతే లెక్కల గ్రేడు చూస్తారు. అదీ సమానమైతే సామాన్యశాస్త్రం. తరువాత ఇంగ్లీషు, సాంఘికం, ఆ తరువాత మొదటి భాష. అవన్నీ సమానమైతే, పుట్టిన తేదీని బట్టి వయసులో పెద్దవారికి ముందు.

ఆ చివరి వాక్యం దగ్గర నా వేలు ఆగిపోయింది.

వయసులో పెద్దవారికి ముందు! ఎంత చక్కని, మన ఇళ్ళల్లో పాటించే నియమం! ఇన్నాళ్ళూ వయసు తగ్గిస్తేనే లాభమనుకున్నాం. పెంచితే లాభం వచ్చే చోటు ఒకటి వుందని తండ్రికీ తెలియదు, పంతులుకీ తెలియదు. సరే, పెంచక్కర్లేదు, నిజం రాసి వుంటే చాలు. నిజం ప్రకారం పెద్దపిల్లే పెద్దది. సీట్లు అయిపోయిన గీత ఆ ఇద్దరి మధ్యన పడింది. తొంభై రెండుకూ తొంభై తొమ్మిదికీ తేడా లేదన్న చోట, జూన్‌కూ ఫిబ్రవరికీ తేడా కొండంత అయింది.

"ఏమైందండీ?" అన్నాడు తండ్రి.

"ఏముంది, అదృష్టం" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. దాచుకోను. పదేళ్ళ కిందట రాసింది తెలియక చేసిన తప్పు. ఇది తెలిసి చేసింది.

చిన్నపిల్లను చేర్చడానికి అందరం కలిసి బయలుదేరాం. పులిగడ్డ దాటి, చల్లపల్లి, కూచిపూడి, పామర్రు మీదుగా గుడివాడ చేరి, అక్కడ బస్సు మారి, హనుమాన్ జంక్షన్ మీదుగా నూజివీడు వెళ్ళాలి. పెద్దపిల్ల కూడా వచ్చింది. వద్దన్నా వినలేదు, చెల్లెలి పెట్టె తానే మోస్తానంది. అక్కడ ఆ భవనాలు, ఆ తోటలు చూసి ఏమీ అనలేదు. సాయంత్రం తిరిగి వస్తూ గుడివాడ బస్సుస్టాండులో కూర్చున్నాం. తండ్రి టీ తేవడానికి వెళ్ళాడు. అప్పుడు అడిగింది.

"మాస్టారూ, మా అమ్మ నన్నే పెద్దదాన్ని అంటుంది గదండీ. మరి కాగితంలో చిన్నదాన్ని ఎలాగయ్యానండీ?"

నా నోట మాట రాలేదు. బందరు బస్సు వచ్చి ఆగింది. కండక్టరు కేకలు పెడుతున్నాడు. "బస్సులో రద్దీగా వుంటుంది, ముందు వెళ్ళి సీటు చూడు" అన్నాను. అది మా బస్సు కాదు. ఆ పిల్లకూ తెలుసు. అయినా లేచి వెళ్ళి, ఆ బస్సు దగ్గర కాసేపు నిలబడి, తిరిగి వచ్చి కూర్చుంది. మళ్ళీ ఆ ప్రశ్న వేయలేదు.

ఆ తరువాత అవనిగడ్డలో ఇంటర్మీడియట్ చదివింది. తండ్రికి ఇంజనీరింగు ఫీజుల శక్తి లేదు. ఎంట్రన్సు రాసి గుడివాడ దగ్గర అంగలూరు డైట్‌లో ఉపాధ్యాయ శిక్షణకు చేరింది. 2018లో శిక్షణ ముగిసింది. ఆ ఏడాది చివర జరిగిన డీఎస్సీ రాసింది గాని అందలేదు. అది పోతే మళ్ళీ డీఎస్సీ పరీక్ష 2025 దాకా లేదు. ఆ ఏడేళ్ళూ ఒక ప్రైవేటు బడిలో, చెప్పుకోవడానికి సిగ్గుపడే జీతానికి పాఠాలు చెప్పింది. కరోనా రోజుల్లో ఆ జీతం కూడా లేక తల్లితో పాటు ఎండు చేపల తట్ట పట్టింది. ఈలోగా చిన్నపిల్ల ఇంజనీరై హైదరాబాదులో వుద్యోగంలో చేరింది. అక్క పరీక్ష ఫీజులు, పుస్తకాలు అదే కొన్నది. వాళ్ళిద్దరి మధ్య ఎన్నడూ మాట తేడా రాలేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు వూరట కలగవలసింది. కాని తలుచుకున్నకొద్దీ ఇంకా బరువుగా వుండేది.

2025 ఏప్రిల్‌లో పదహారు వేల మూడు వందల నలభై ఏడు పోస్టులకు డీఎస్సీ ప్రకటన వచ్చింది. మా పెద్దపిల్ల రాసింది. ఈసారి జాబితాలో పేరు వుంది. సెప్టెంబరులో నియామక పత్రం తీసుకుని, దసరా సెలవుల్లో బందరు హల్వా పొట్లంతో మా ఇంటికి వచ్చింది. కాళ్ళకు దణ్ణం పెట్టబోతే వెనక్కు జరిగాను.

"కూర్చో అమ్మా. నీకొక మాట చెప్పాలి. విన్నాక పెట్టదలిస్తే అప్పుడు పెట్టు" అన్నాను.

మొత్తం చెప్పాను. మాఘ పౌర్ణమి, బీరువాలోని పంచాంగం, రొయ్యలు, ప్రకటనలోని చివరి వాక్యం, అదృష్టమని నేనన్న మాట, గుడివాడ బస్సు, అన్నీ. చెబుతూ వుంటే నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. ఆవిడకూ అదే మొదటిసారి వినడం.

పెద్దపిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా అంది. "నాకు తెలుసు మాస్టారూ. ఆ ప్రకటన నేను కూడా చదివాను గదండీ. గుడివాడలో మీ నోటితో విందామని అడిగాను. మీరు చెప్పలేదు. ఆ రోజు మాత్రం మీ మీద చాలా కోపం వచ్చింది. సీటు పోయినందుకు కాదండీ. అదృష్టమని చెప్పారు చూడండి, అందుకు. మా నాన్న ఇప్పటికీ తన అదృష్టమే చెడ్డదనుకుంటాడు."

ఆ మాట నాకు తగలవలసిన చోటే తగిలింది. సీటు పోయిన సంగతి ఒకటే నేను లెక్క వేసుకున్నాను. ఒక మనిషి పదకొండేళ్ళుగా తన నుదుటి రాతను తిట్టుకుంటున్నాడన్నది నా లెక్కలోకే రాలేదు. ఆ మర్నాడే వెళ్ళి వాడితో చెప్పాను. వల అల్లుతున్నవాడు చెయ్యి ఆపి విన్నాడు. "రాయమన్నది నేనే గదండీ" అని మళ్ళీ అల్లడం మొదలుపెట్టాడు. అంతకంటే ఏమీ అనలేదు.

ఇవన్నీ ఆలోచిస్తే నాకు ఒకటి తోస్తుంది. తరగతిలో ఎవరు ముందన్నది చూసి సీటు ఇవ్వడం మంచి పద్ధతే. అది లేకపోతే మా సముద్రపొడ్డు పల్లెల నుంచి ఆ చిన్నపిల్ల మాత్రం ఎక్కడ ఇంజనీరయ్యేది? కోచింగుకు డబ్బులేని ఇంటికి అదొక్కటే తలుపు. కాని వరస ఎక్కడ పెట్టినా, వరసలో చివర నిలబడ్డవాడికీ వరస బయట పడ్డవాడికీ తేడా ఒక వెంట్రుకవాసే వుంటుంది. టెక్సాసులోనూ అంతే, దివిసీమలోనూ అంతే. ఆ వెంట్రుక పిల్లల బుద్ధిలో వుందనుకుంటాం. కొన్నిసార్లు అది ఎవరో గుమాస్తా, ఎవరో పంతులు, ఎండ ఎక్కుతోందని తొందరపడి రాసిన ఒక అంకెలో వుంటుంది. అందుకే సీటు రాలేదన్న పిల్లను ఇప్పుడు నేను 'అదృష్టం' అని పంపించెయ్యను. కాగితం తీసి, గ్రేడు గ్రేడుకూ, తేదీ తేదీకీ సరిచూసి, ఎక్కడ ఆగిపోయిందో చూపించి, ఇది నీ తెలివి తక్కువ కాదమ్మా అని చెబుతాను.

పెద్దపిల్ల వేసిన బడి కూడా ఎలిమెంటరీ బడే. చేరిన కొద్ది రోజులకు ఎవరో వలస వచ్చిన కూలీ పిల్లవాణ్ణి తెచ్చి, "ఓ యేడు తగ్గించి రాయండమ్మా" అన్నాడట. "పుట్టిన కాగితం తెస్తేనే రాస్తాను, ఒక్క రోజు తగ్గించను, ఒక్క రోజు పెంచను" అందట. ఫోనులో నాకు చెప్పి నవ్వింది.

"బాగా చేశావమ్మా" అన్నాను. "నీ విషయంలో నేనూ అలా చేసివుంటే..."

"పోనివ్వండి మాస్టారూ. మా నాన్న కోరిక మీరు వూరికే తీర్చలేదు. అరవై రెండేళ్ళకు గదండీ రిటైర్మెంటు? నిజం తేదీ అయితే 2061 ఫిబ్రవరిలో దిగిపోవాలి. మీరు రాసిన తేదీకి జూన్ దాకా వుంటాను. నాలుగు నెలల జీతం!"

"అప్పటికి నేను వుండనమ్మా."

"మీ రొయ్యల బాకీ వుంది గదండీ. ఆ నాలుగు నెలల్లో ఎవరైనా పిల్ల నూజివీడు వెళ్తే మీ లెక్కలో రాస్తాను లెండి" అంది.